పాత ట్రాక్టర్ హైడ్రాలిక్స్ కాగిపోతుంటే: వేడి ఎక్కడ పుడుతోందో పట్టుకోవడం ఎలా

గంటసేపు పని చేశాక లిఫ్ట్ నెమ్మదిస్తుంది. పంపు కూత పెడుతుంది. గేర్‌బాక్స్ మీద చెయ్యి పెడితే చురుక్కుమంటుంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు గుర్రంలా లేచిన లోడర్ మధ్యాహ్నానికి సగంలో ఆగిపోతుంది. ఈ దశలో చాలామంది చేసేవి మూడు: ఆయిల్ మార్చడం, పంపు మార్చడం, కూలర్ బిగించడం. మూడింటికీ డబ్బు ఖర్చవుతుంది, చాలాసార్లు మూడూ అయ్యాక కూడా వేడి అలాగే ఉంటుంది.

ముందుగా ఒక్క విషయం బుర్రకెక్కించుకుంటే మిగతా వెతుకులాట సులువవుతుంది. హైడ్రాలిక్ ఆయిల్ ఊరికే వేడెక్కదు. ఒత్తిడితో ఉన్న ఆయిల్ ఏ బరువూ ఎత్తకుండా, ఏ మోటారూ తిప్పకుండా తక్కువ ఒత్తిడి వైపు జారిపోతే, ఆ పోయిన శక్తి మొత్తం వేడిగా మారుతుంది. లెక్క చాలా సులువు: నిమిషానికి పారే లీటర్లను బార్‌లలో ఒత్తిడితో గుణించి 600తో భాగిస్తే కిలోవాట్లు వస్తాయి. నిమిషానికి 40 లీటర్లు నెట్టే పంపు ఆయిల్ 150 బార్ దగ్గర రిలీఫ్ వాల్వ్ (ఒత్తిడి హద్దు దాటితే తెరుచుకుని ఆయిల్‌ను ట్యాంకుకు వదిలేసే వాల్వ్) గుండా ఖాళీగా పోతోందంటే 10 కిలోవాట్ల హీటర్‌ను ఆయిల్‌లో ముంచినట్టే. ట్యాంకులో 30 లీటర్ల ఆయిల్ ఉంటే అది నిమిషానికి 12 డిగ్రీల చొప్పున వేడెక్కాలి. చుట్టూ ఉన్న ఇనుము కొంత పీల్చుకుంటుంది కాబట్టి అంత వేగంగా పెరగకపోవచ్చు గానీ, పావుగంటలో పంపు సీళ్లకు ముప్పు తేవడానికి ఆ వేడి చాలు.

కాబట్టి మీరు వెతకాల్సింది ఆయిల్ పని చేయకుండా ఎక్కడ జారిపోతోందనే. కింద చెప్పిన వరుస అందుకోసమే: ముందు కొలత, తర్వాత పైసా ఖర్చు లేని తనిఖీలు, ఆ తర్వాత గేజి, చిట్టచివర విప్పడం.

మొదలుపెట్టే ముందు

ట్రాక్టర్‌ను చదునైన చోట నిలిపి, పనిముట్టును నేలకు దించి, ఇంజిన్ ఆపాక అన్ని లివర్లనూ రెండు వైపులా రెండుమూడుసార్లు ఊపండి. లైన్లలో చిక్కుకున్న ఒత్తిడి అలా దిగుతుంది. లిఫ్ట్ చేతులు పైన ఉండగా పని చేయాల్సి వస్తే కింద గట్టి స్టాండు పెట్టండి. జాకీని, లిఫ్ట్‌ను నమ్మి కిందికి దూరకండి.

లీకు కోసం వేళ్లతో తడమకండి. సూది మొనంత రంధ్రం నుంచి వచ్చే ఆయిల్ చర్మం లోపలికి దూరిపోతుంది. పైకి చిన్న గాటులా కనిపించినా లోపల కండ కుళ్లుతుంది, వెంటనే శస్త్రచికిత్స చేయకపోతే వేలు, చెయ్యి పోయే ప్రమాదం ఉంది. లీకు వెతకాలంటే పొడుగాటి అట్టముక్క పట్టుకుని దూరం నుంచి జరపండి, తడి మచ్చ ఎక్కడ పడుతుందో చూడండి. అనుకోకుండా చర్మంలోకి దూరితే నొప్పి లేదని ఊరుకోవద్దు, అప్పటికప్పుడు ఆస్పత్రికి వెళ్లి హైడ్రాలిక్ ఆయిల్ లోపలికి పోయిందని స్పష్టంగా చెప్పండి.

మొదటి మెట్టు: నిజంగా ఎంత వేడి?

చెయ్యి థర్మామీటర్ కాదు. 60 డిగ్రీల ఇనుము మీదే ఎవరూ చెయ్యి ఉంచలేరు, కానీ హైడ్రాలిక్స్‌కు 60 మామూలు వేడి. కష్టపడే ట్రాక్టర్‌లో 50 నుంచి 70 డిగ్రీల దాకా కంగారు అక్కర్లేదు. 80 దాటితే కారణం వెతకాలి. 82 డిగ్రీలు దాటాక చాలా రకాల సీళ్లు గట్టిపడటం మొదలవుతుంది, ఆయిల్ కూడా త్వరగా చెడుతుంది. స్థూలంగా ప్రతి 10 డిగ్రీలకూ ఆయిల్ చెడే వేగం రెట్టింపవుతుందని లెక్క. 95కి చేరితే పని ఆపేయాల్సిందే.

ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఒకటి చేతిలో ఉంటే సగం పని అయినట్టే. ఒక జాగ్రత్త: మెరిసే లోహం మీద అది తప్పుగా, ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. కొలిచే ప్రతిచోటా నల్ల టేపు ముక్క అంటించండి లేదా నల్ల పెయింటు చుక్క పెట్టండి. రోజూ అదే చుక్క మీద, అంతే దూరం నుంచి కొలవండి.

కొలవాల్సిన చోట్లు: ఆయిల్ ఉండే పెట్టె అడుగుభాగం, పంపు బాడీ, రిలీఫ్ వాల్వ్, ప్రతి కంట్రోల్ వాల్వ్ సెక్షన్, కప్లర్లకు (హోస్ పైపులు తగిలించే జోడింపులకు) ముందూ వెనకా, సిలిండర్ల రెండు చివర్లు, కూలర్ ఉంటే దాని లోపలికి వెళ్లే పైపు, బయటికి వచ్చే పైపు. పని మొదలుపెట్టాక ప్రతి 10 నిమిషాలకు ఒకసారి చొప్పున గంటసేపు రాసుకోండి. ఆనాటి గాలి వేడి కూడా రాయండి. ఆయిల్ 75 ఉంది అంటే పూర్తి సంగతి తెలియదు. 42 డిగ్రీల ఎండలో 75 ఒకటి, 22 డిగ్రీల చలిలో 75 ఇంకొకటి.

ఈ అంకెల్లో వెతకాల్సింది ఒకే ఒకటి: ఏ భాగం తన చుట్టుపక్కల వాటికన్నా వేడిగా ఉంది? 100 బార్ ఒత్తిడి ఏ పనీ చేయకుండా పడిపోయినచోట ఆయిల్ ఒక్క దాటుకే సుమారు 6 డిగ్రీలు పెరుగుతుంది. రిలీఫ్ వాల్వ్ బాడీ పంపుకన్నా 8, 10 డిగ్రీలు ఎక్కువ చూపిస్తే దొంగ దొరికినట్టే.

రెండో మెట్టు: వేడి హైడ్రాలిక్స్‌దేనా?

పాత ట్రాక్టర్లలో చాలావాటికి గేర్‌బాక్స్, డిఫరెన్షియల్, హైడ్రాలిక్స్ అన్నిటికీ ఒకటే ఆయిల్. అలాంటి బండిలో ఆయిల్‌లో మునిగిన బ్రేకులు పట్టేసి ఉన్నా, పీటీఓ (వెనక పనిముట్టును తిప్పే షాఫ్టు) క్లచ్ జారుతున్నా, బేరింగ్ పాడైనా మనకు కనిపించేది హైడ్రాలిక్ ఆయిల్ కాగడమే.

విడదీయడం ఇలా. ఆయిల్ చల్లగా ఉన్నప్పుడు హైడ్రాలిక్ లివర్లేవీ ముట్టుకోకుండా, వెనక పనిముట్టు లేకుండా అరగంట నడపండి. వేడి బాగా పెరిగితే తప్పు గేర్‌బాక్స్, బ్రేకుల వైపు ఉంది: చక్రాలను జాకీ మీద ఎత్తి చేత్తో తిప్పి బ్రేకు పట్టు చూడండి, పెడల్ ఫ్రీ ప్లే (బ్రేకు పట్టే ముందు పెడల్ ఖాళీగా కదిలే దూరం) కొలవండి. తర్వాత ఇంకో రోజు ట్రాక్టర్‌ను కదపకుండా నిలిపి, పని చేయించే ఆర్‌పీఎం దగ్గర ఇంజిన్ ఉంచి, లివర్లన్నీ న్యూట్రల్‌లో పెట్టి అరగంట చూడండి. అప్పుడూ పెరిగితే ఆయిల్ న్యూట్రల్‌లో కూడా ఎక్కడో అడ్డుపడుతోంది. రెండింటిలోనూ పెరగక, లిఫ్ట్ లేదా లోడర్ వాడినప్పుడే పెరిగితే మీరు సరైన దారిలోనే ఉన్నారు.

మూడో మెట్టు: మీ ట్రాక్టర్‌ది ఏ పద్ధతి?

ఇది తెలియకుండా చేసే మరమ్మతు చీకట్లో బాణం వేయడమే. ఓపెన్ సెంటర్ పద్ధతిలో గేర్ పంపు నిరంతరం ఆయిల్ తిప్పుతూనే ఉంటుంది, లివర్ న్యూట్రల్‌లో ఉంటే అది అడ్డంకి లేకుండా ట్యాంకుకు తిరిగొస్తుంది. క్లోజ్‌డ్ సెంటర్‌లో న్యూట్రల్‌లో దారి మూసి ఉంటుంది, ఒత్తిడి నిలిచి ఉంటుంది, పంపు తనంతట తాను స్ట్రోక్ తగ్గించుకుంటుంది, అంటే ఆయిల్ నెట్టడం తగ్గిస్తుంది. జాన్ డీర్ 1960లో 4010తో తెచ్చిన పద్ధతి ఇది. మాసీ ఫెర్గూసన్ 35, 135 లాంటి వాటిలో మూడో రకం: పంపు ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది, పీటీఓ షాఫ్టు దాన్ని తిప్పుతుంది, కంట్రోల్ వాల్వ్ పంపు పీల్చుకునే వైపే ఉంటుంది. లివర్ న్యూట్రల్‌లో ఉంటే అది ఆయిల్ పీల్చుకోదు కాబట్టి వేడీ పుట్టదు. ఈ రకం బండి న్యూట్రల్‌లో కాగుతోందంటే లిఫ్ట్ లోపల ఎక్కడో లీకై పంపు మాటిమాటికీ పని చేస్తోందన్నమాట.

తర్వాత ఎవరో తగిలించిన లోడరు, ట్రాలీ లిఫ్టు, అదనపు వాల్వ్‌ల దగ్గరే అసలు గోల. ఓపెన్ సెంటర్ ట్రాక్టర్‌కు క్లోజ్‌డ్ సెంటర్ వాల్వ్ బిగిస్తే ఆయిల్‌కు తిరిగొచ్చే దారే ఉండదు, ఇంజిన్ తిరిగినంతసేపూ రిలీఫ్ వాల్వ్ ఊదుతూనే ఉంటుంది. తిరగేసి, క్లోజ్‌డ్ సెంటర్ ట్రాక్టర్‌కు ఓపెన్ సెంటర్ వాల్వ్ తగిలిస్తే పంపు ఎప్పుడూ పూర్తి స్ట్రోక్‌లో పరుగెడుతుంది. రెండు వాల్వ్‌లను వరుసగా కలిపినప్పుడు మొదటి దాంట్లో పవర్ బియాండ్ స్లీవ్ (ఒత్తిడి ఆయిల్‌ను ట్యాంకు దారిలో కలవకుండా విడిగా తర్వాతి వాల్వ్‌కు పంపేది) ఉండాలి. అది లేకుండా మొదటి వాల్వ్ ట్యాంక్ పోర్టునే రెండో వాల్వ్‌కు కలిపేస్తే, రెండో వాల్వ్ వాడినప్పుడల్లా ఆ ఒత్తిడంతా మొదటి వాల్వ్ ట్యాంక్ గదిలోకి వెనక్కి తంతుంది. ఆ గది అంత ఒత్తిడి కోసం పోతపోసింది కాదు. వేడి సరే, బాడీ పగిలే ప్రమాదం కూడా ఉంది. వేడి సమస్య ఏదైనా పరికరం తగిలించాకే మొదలైందా అని గుర్తు తెచ్చుకోండి. అవునంటే ముందు పైపుల దారి కాగితం మీద గీసుకోండి, పానా తర్వాత పట్టుకోవచ్చు.

నాలుగో మెట్టు: పైసా ఖర్చు లేనివి

ఆయిల్ మట్టం. లిఫ్ట్ కిందికి దించి, సిలిండర్లన్నీ ముడిచి, చదును నేల మీద చూడాలి. లోడర్ సిలిండర్లు చాచి ఉండగా చూసి నింపితే, అవి ముడిచినప్పుడు పెట్టె పొంగుతుంది. తక్కువైతే అదే కొద్ది ఆయిల్ మళ్లీమళ్లీ తిరిగి చల్లారే తీరిక ఉండదు. ఎక్కువైతే గేర్లు దాన్ని మజ్జిగ చిలికినట్టు చిలుకుతాయి, నురుగూ వేడీ రెండూ వస్తాయి. ఎక్కువ పోస్తే మంచిదే కదా అనే మాట ఇక్కడ చెల్లదు.

బురద, గడ్డి. కూలర్ లేని పాత బండికి ఇనుప పెట్టే కూలర్. దాని మీద రెండు అంగుళాల ఎండిన మట్టి, ఆయిల్ జిడ్డు పేరుకుంటే దుప్పటి కప్పినట్టే. గీకి కడగండి, అయితే చల్లారాకే. కాగిన పోత ఇనుము మీద చల్లని నీళ్లు కొడితే పగులు రావచ్చు.

లివర్లు. ప్రతిదాన్నీ వాడి వదిలేశాక అది తనంతట తాను న్యూట్రల్‌కు వస్తోందా? రాకపోతే స్ప్రింగు బలహీనపడింది, లింకు వంగింది, లేదా డిటెంట్ (లివర్‌ను ఒకచోట ఆపి ఉంచే పట్టు) పట్టేసింది. వదిలాక కూడా ఇంజిన్ బరువు లాగుతున్నట్టు మూలుగుతూ, లివర్‌ను చేత్తో కాస్త లాగగానే తేలికపడితే ఆ వాల్వే దోషి.

కప్లర్లు. సగమే కూర్చున్న క్విక్ కప్లర్ లోపలి బాలు దారిని సగం మూస్తుంది. తీసి, తుడిచి, క్లిక్ మనే దాకా నెట్టండి. పాత హోస్ పైపుల లోపలి పొర ఊడి నాలుకలా వేలాడుతుంటే ఒకవైపు ఆయిల్‌ను పోనిస్తుంది, ఇంకోవైపు ఆపుతుంది. పైకి ఏమీ కనిపించదు. ఆ హోస్‌కు ముందూ వెనకా వేడి తేడా చూస్తేనే బయటపడుతుంది. హోస్ లావు కూడా చూడండి: నిమిషానికి 40 లీటర్లు అర అంగుళం పైపులో సెకనుకు 5 మీటర్ల చిల్లర వేగంతో పోతాయి, అది ఒత్తిడి లైనుకు సరిపోతుంది. అదే 40 లీటర్లను 3/8 అంగుళం పైపులోకి నెడితే వేగం 9 మీటర్లు దాటుతుంది, పైపే హీటర్ అవుతుంది.

ఐదో మెట్టు: లిఫ్ట్ పైకొస దగ్గరి కీచు

పాత ట్రాక్టర్లలో వేడికి ఎక్కువగా కనిపించే కారణం ఇదే, ఎక్కువగా పట్టించుకోనిదీ ఇదే. లివర్ పూర్తిగా పైకి లాగినప్పుడు, చేతులు పై ఎత్తుకు రాగానే లోపలి లింకులు కంట్రోల్ వాల్వ్‌ను న్యూట్రల్‌కు తేవాలి. లింకుల పిన్నులు అరిగినా, సర్దుబాటు స్క్రూ కదిలినా, లివర్ ఆగే చోట బోల్టు ఊడినా వాల్వ్ మూసుకోదు. పిస్టన్ సిలిండర్ చివర తన్నుకుని ఉంటుంది, పంపు నెడుతూనే ఉంటుంది, రిలీఫ్ వాల్వ్ కీచుమంటూ ఊదుతుంది. పనిముట్టు ఎత్తి పొలం నుంచి పొలానికి పోతూ అరగంట అలా నడిపితే ఇంకేం కావాలి.

పరీక్ష తేలిక. పనిముట్టు లేకుండా లిఫ్ట్ పూర్తిగా ఎత్తండి. ఇంజిన్ శబ్దం బరువెక్కిందా, కీచు వినిపిస్తోందా చూడండి. లివర్‌ను వేలెడంత కిందికి దించండి. శబ్దం ఆగిపోతే పంపుకు ఏ రోగమూ లేదు, ఇది సర్దుబాటు తప్పు. ఇంకో రుజువు: లివర్ పైన ఉండగా లిఫ్ట్ చేతులను చేత్తో పైకి లేపితే ఇంకా కాస్త కదలాలి. రాయిలా బిగుసుకుని ఉంటే పిస్టన్ చివరకంటా పోయిందని అర్థం. అసలు మరమ్మతు మీ మోడల్ వర్క్‌షాప్ పుస్తకంలోని సర్దుబాటు ప్రకారమే చేయాలి. అది అయ్యే దాకా, శబ్దం ఆగే చోట లివర్ క్వాడ్రంట్ (లివర్ జరిగే వంపు పట్టీ) మీద ఒక స్టాపు బోల్టు బిగించండి. వికారంగా ఉంటుంది గానీ పని చేస్తుంది.

రెండో జబ్బు ఎక్కిళ్లు. పనిముట్టు ఎత్తి ఉంచితే చేతులు కొద్దిగా దిగడం, టక్కున లేవడం, మళ్లీ దిగడం. లిఫ్ట్ సిలిండర్ పిస్టన్ ఓరింగు, సిలిండర్ మీది సేఫ్టీ వాల్వ్, చెక్ వాల్వ్ (ఆయిల్‌ను ఒకవైపే పోనిచ్చేది), కంట్రోల్ వాల్వ్, వీటిలో ఏదో లీకవుతోంది. ఎత్తి ఇంజిన్ ఆపండి. ఐదు నిమిషాల్లో కళ్లకు కనిపించేంత దిగితే లీకు ఖాయం. ఎక్కిళ్లు సెకన్ల తేడాతో వస్తుంటే ఆయిల్ వేడికి అదే కారణం కావచ్చు, నిమిషాల తేడాతో వస్తుంటే కారణం ఇంకోచోట వెతకండి. ఓరింగు మార్చేటప్పుడు దాని పక్కన ఉండే గట్టి బ్యాకప్ రింగును మరవకండి, ఒత్తిడి పడని వైపు కూర్చోవాలి. తిరగేసి వేస్తే కొత్త ఓరింగు కూడా నలిగిపోతుంది.

ఆరో మెట్టు: పీల్చే వైపు

పంపు శబ్దాన్ని చెవి పెట్టి వినండి. సన్నగా, నిలకడగా ఊళ వేస్తుంటే ఆయిల్ సరిపడా అందడం లేదు: సక్షన్ జల్లెడ మూసుకుంది, ఆయిల్ మరీ చిక్కగా ఉంది, లేదా సక్షన్ హోస్ లోపలికి నొక్కుకుపోయింది. గులకరాళ్లు కదిపినట్టు గరగరమంటూ ఆయిల్‌లో నురుగు కనిపిస్తే గాలి లాగుతోంది. గాలి బుడగలు పంపులో నలిగినప్పుడు విపరీతంగా వేడెక్కుతాయి, చుట్టూ ఉన్న ఆయిల్‌ను మాడుస్తాయి.

గాలి దూరే చోటు బయటికి ఆయిల్ కారనివ్వదు, అందుకే కంటికి దొరకదు. ఇంజిన్ నడుస్తుండగా సక్షన్ పైపు ప్రతి జాయింటు మీదా, పంపు షాఫ్టు సీలు దగ్గరా చిక్కటి గ్రీజు పూయండి. శబ్దం మారిన చోట ఆగండి. తిరిగే బెల్టులకు చేతులు, బట్టలు దూరంగా ఉంచాలని వేరే చెప్పక్కర్లేదు. గేర్ పంపుకు సక్షన్ వైపు వాక్యూమ్ గేజి పెట్టగలిగితే ఇంకా మంచిది, వేడి ఆయిల్‌తో 5 అంగుళాల పాదరసం దాటకూడదు.

జల్లెడ తీసినప్పుడు దానిలో దొరికిన చెత్తను పారేయకుండా తెల్లగుడ్డ మీద పరచండి. అయస్కాంతానికి అంటుకునే సన్న ఇనుప పొడి కొంత మామూలే. సూదుల్లాంటి ముక్కలు బేరింగ్‌వి. అంటని పసుపు రేకులు పంపు బుష్‌లవి. నల్లటి రబ్బరు పేలికలు సీళ్లవీ హోస్‌వీ. బ్రేకు లైనింగ్ పీచు కనిపిస్తే రెండో మెట్టుకు తిరిగి వెళ్లండి.

ఏడో మెట్టు: గేజితో

250 బార్ దాకా చూపించే గేజి, మీ కప్లర్‌కు సరిపడే ఫిట్టింగు చాలు. ఆయిల్ 50 డిగ్రీలకు వచ్చాక రిమోట్ కప్లర్‌కు గేజి తగిలించి, పుస్తకంలో చెప్పిన ఆర్‌పీఎం దగ్గర లివర్ నొక్కిపట్టండి. ఐదు సెకన్లకు మించి వద్దు, మీరే 10 కిలోవాట్ల హీటర్ వేస్తున్నారని గుర్తుంచుకోండి. అంకె రాసుకోండి. ఆయిల్ 75కి చేరాక మళ్లీ చూడండి.

రెండుసార్లూ పుస్తకంలోని అంకెకన్నా తక్కువే వస్తే ముందు అనుమానం రిలీఫ్ వాల్వ్ మీద: సీటులో నలుసు, విరిగిన స్ప్రింగు, లేదా ఎవరో వదులు చేసిన స్క్రూ. విప్పి శుభ్రం చేసి, సీటు మీద గాటు ఉందేమో చూడండి. చల్లగా ఉన్నప్పుడు సరిగ్గా ఉండి వేడిలో పడిపోతే ఏదో అరిగింది: పలచబడ్డ ఆయిల్ సందుల్లోంచి జారిపోతోంది. వేడి, పలచన, జారుడు, మళ్లీ వేడి. ఈ చక్రం ఒకసారి మొదలైతే ఆగదు. ఒత్తిడి ఎక్కువ వస్తే సంతోషించకండి, ఎవరో స్ప్రింగు కింద వాషర్లు పెట్టారు. పుస్తకంలోని అంకెకు తిరిగి దించండి.

గేజి ఒక్కటే పంపు బాగుందని చెప్పలేదు. సగం అరిగిన పంపు కూడా మూసిన లైనులో ఒత్తిడి చూపించగలదు. కావాల్సింది పారుదల కొలత. లోడ్ వాల్వ్ ఉన్న ఫ్లో మీటర్ దొరికితే ఒత్తిడి లేనప్పుడు ఎన్ని లీటర్లు, రిలీఫ్ ఒత్తిడిలో 80 శాతం దగ్గర ఎన్ని లీటర్లు అని చూడండి. తేడా 20, 25 శాతం దాటితే పంపు విప్పే సమయం వచ్చింది.

ఫ్లో మీటర్ లేకపోతే స్టాప్‌వాచీ ఉంది. 63 మి.మీ. బోరు (లోపలి వ్యాసం), 500 మి.మీ. స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) ఉన్న సిలిండర్ పూర్తిగా చాచడానికి 1.56 లీటర్లు కావాలి. ఒకే బరువు, ఒకే ఆర్‌పీఎంతో, 30 డిగ్రీల దగ్గర అది 3 సెకన్లలో లేచిందంటే నిమిషానికి 31 లీటర్లు వస్తున్నాయి. 75 డిగ్రీల దగ్గర 4.5 సెకన్లు పడితే వచ్చేది 21 లీటర్లే, మూడో వంతు ఎక్కడో జారుతోంది. 150 బార్ దగ్గర ఆ 10 లీటర్ల జారుడే రెండున్నర కిలోవాట్లు. రెండు సిలిండర్లు కలిసి లేచే లోడరైతే రెండింటి లీటర్లూ కలపాలి.

జారేది పంపులోనా, సిలిండర్‌లోనా? సిలిండర్‌ను చివరిదాకా చాచండి. ఇంజిన్ ఆపి, లివర్లు ఊపి ఒత్తిడి దించండి. కడ్డీ వైపు హోస్ విప్పి, హోస్ చివర ప్లగ్గుతో మూయండి. సిలిండర్ పోర్టు కింద బకెట్ పెట్టి దూరంగా నిలబడి, ఐడిల్‌లో ఇంజిన్ నడుపుతూ చాచే దిశలోనే లివర్‌ను రెండుమూడు సెకన్లు నొక్కండి. నాలుగు చుక్కలు పడితే ఫరవాలేదు. ధార కడితే పిస్టన్ సీలు పోయింది. ఇలా ఒక్కో సిలిండర్‌నూ వదిలించుకుంటూ పోతే మిగిలేది వాల్వ్ లేదా పంపు.

ఒక హెచ్చరిక. పంపు బయటి పైపును మూసేసి పరీక్షిద్దామనే ఆలోచన చాలామందికి వస్తుంది. రిలీఫ్ వాల్వ్ ఆ మూసిన చోటుకన్నా అవతల ఉంటే పంపు బాడీ పగులుతుంది, లేదా షాఫ్టు తెగుతుంది. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టు ఉంటుంది. రిలీఫ్ ఎక్కడుందో కచ్చితంగా తెలిస్తే తప్ప ఏ పైపూ మూయకండి.

క్లోజ్‌డ్ సెంటర్ బండిలో వెతుకులాట ఇంకా తేలిక: లివర్లన్నీ న్యూట్రల్‌లో ఉంచి కాసేపు నడిపి, ఒక్కో వాల్వ్ రిటర్న్ పైపు వేడి చూడండి. ఏ పనీ లేని లైను వేడిగా ఉంటే లీకు ఆ వాల్వ్‌లోనే.

ఎనిమిదో మెట్టు: ఆయిల్

ఆయిల్ సంగతి ఇంత వెనక రావడానికి కారణం ఉంది. కారణం సరిచేయకుండా పోసిన కొత్త ఆయిల్ వారంలో పాతదవుతుంది. కాకపోతే ఆయిలే తప్పు రకమైన సందర్భాలూ ఉన్నాయి. ఐఎస్ఓ వీజీ 46 అంటే 40 డిగ్రీల దగ్గర చిక్కదనం 46 సెంటీస్టోక్స్ అని. 100 డిగ్రీల దగ్గర అది 7కు పడిపోతుంది. పంపులకు 16 నుంచి 36 మధ్య హాయి, 10 దిగితే లోపలి జారుడు బాగా పెరుగుతుంది. చిక్కటిది పోస్తే సరి అనుకుని గేర్ ఆయిల్ పోస్తే పొద్దున్నే పంపు ఆయిల్ పీల్చుకోలేక ఊళ వేస్తుంది. గేర్‌బాక్స్, బ్రేకులు, హైడ్రాలిక్స్ ఒకే ఆయిల్ వాడే బండికి యూటీటీఓ రకం, పుస్తకం చెప్పిన గ్రేడే పోయాలి. అందులో మునిగిన బ్రేకులకు కావాల్సిన మందులు కలిపి ఉంటాయి, మామూలు హైడ్రాలిక్ ఆయిల్‌లో ఉండవు.

ఆయిల్ పాలలా ఉంటే నీళ్లు చేరాయి. అనుమానం తీర్చుకోవడానికి కళ్లద్దాలు పెట్టుకుని, 130 డిగ్రీలు దాటిన రేకు మీద ఒక చుక్క వేయండి, చిటపటమంటే నీరు ఉంది. పాత బండ్లలో ఆ నీరు ఎక్కువగా చిరిగిన గేర్ రాడ్ రబ్బరు బూటు గుండా వానలో దిగుతుంది. ఆ బూటు మార్చకుండా ఆయిల్ మార్చడం దండగ.

దించేటప్పుడు ఆయిల్ గోరువెచ్చగా ఉండాలి, 40, 50 డిగ్రీలు. చాలా మోడళ్లకు డ్రెయిన్ ప్లగ్గులు ఒకటికన్నా ఎక్కువ: గేర్‌బాక్స్ కింద, హైడ్రాలిక్ గది కింద, యాక్సిల్ చివర్లలో. ఒక్కటే విప్పితే మూడో వంతు పాత ఆయిల్ లోపలే ఉండిపోతుంది. లోడర్ సిలిండర్లు, హోస్‌లలో ఉన్నదాన్ని మరవకండి. డీజిల్ పోసి పంపు తిప్పి కడగొద్దు, పంపుకు అది కందెన కాదు. ఫిల్టర్, జల్లెడ గాస్కెట్ కొత్తవి వేసి, ఆయిల్ నింపి, ఐడిల్‌లో బరువు లేకుండా లిఫ్ట్, సిలిండర్లు పదేసిసార్లు ఎత్తిదించి గాలి పోనిచ్చి, మట్టం మళ్లీ చూడండి.

కూలర్ ఎప్పుడు?

ఉన్న కూలర్ పని చేస్తోందో లేదో తెలియడం తేలిక: లోపలికి వెళ్లే ఆయిల్‌కూ బయటికి వచ్చేదానికీ 5 నుంచి 10 డిగ్రీల తేడా ఉండాలి. తేడా లేకపోతే రెక్కల్లో ఊక, దుమ్ము ఇరుక్కుని ఉంటాయి, లేదా బైపాస్ వాల్వ్ (ఆయిల్‌ను కూలర్‌లోకి పోనివ్వకుండా పక్కదారిలో పంపేది) తెరుచుకుని ఆగిపోయి ఉంటుంది.

కొత్తగా కూలర్ పెట్టాల్సిన న్యాయమైన సందర్భం ఒకటే: గంటల తరబడి హైడ్రాలిక్ మోటారు తిప్పే పని. పాత ట్రాక్టర్ పెట్టెను లిఫ్ట్ అప్పుడప్పుడు ఎత్తడానికి లెక్కేసి కట్టారు, నిరంతరం పారే ఆయిల్‌ను అది చల్లార్చలేదు. అలాంటి మోటారు రిటర్న్‌ను కప్లర్ గుండా, వాల్వ్ గుండా తిప్పకుండా లావుపాటి పైపుతో నేరుగా ట్యాంకుకు కలపండి. చాలాసార్లు ఈ ఒక్క మార్పే కూలర్ అవసరం లేకుండా చేస్తుంది. కూలర్ పెడితే రిటర్న్ లైనులోనే పెట్టాలి, పక్కనే బైపాస్ వాల్వ్ ఉండాలి. చలి పొద్దున చిక్కటి ఆయిల్ దాన్ని పగలగొట్టగలదు.

మధ్యలో పనిలో ఉండగానే 90 దాటితే ఇంజిన్ వెంటనే ఆపేయకండి. పనిముట్టు దించి, లివర్లన్నీ న్యూట్రల్‌లో పెట్టి పది నిమిషాలు ఐడిల్‌లో వదలండి. ఆయిల్ తిరుగుతూ వేడిని పెట్టెకు, కూలర్‌కు పంచుతుంది. ఆపేస్తే ఆ వేడంతా పంపు సీళ్ల దగ్గరే కూర్చుంటుంది.

మరమ్మతు అయ్యాక మొదటి మెట్టులో పెట్టిన నల్ల చుక్కల మీదే, అదే పనితో గంటసేపు మళ్లీ కొలవండి. ఆయిల్ వేడి గాలి వేడికన్నా 30, 40 డిగ్రీల పైన నిలకడగా ఆగిపోతే సరైంది. ఆగకుండా మెల్లగా పెరుగుతూనే ఉంటే ఇంకో లీకు మిగిలింది, ఏ చుక్క అందరికన్నా ముందు పరుగెడుతోందో చూసి అక్కడి నుంచి మళ్లీ మొదలుపెట్టండి. పంపు గానీ సీళ్లు గానీ మార్చి ఉంటే 50 గంటల తర్వాత ఫిల్టర్ మరోసారి మార్చండి, పాత చెత్త అప్పటికి అక్కడికి చేరి ఉంటుంది.